గాలి బరువు

ముప్పై ఒక్క ఏళ్ళు ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో
గొట్టాల్లోంచి గాలిని తోడేసినవాణ్ణి.
శూన్యం సంగతి నాకు చెప్పకండి.
గేజి ముల్లు సున్నా దాటి కిందికి దిగేటప్పుడు
పంపు గొంతు ఎక్కడ మారుతుందో
నిద్రలో అడిగినా చెప్తాను.

అలాంటి నన్ను ఒక పళ్ళెం ఆలోచనలో పడేసింది.

సిరిపురంలో, మూడో అంతస్తులో,
రిటైరైన గార్డు బెర్నార్డ్ గారి హాల్లో ఉందది.
రికార్డు పెట్టి మీట నొక్కితే
అడుగునున్న గాలిని పంపు తోడేస్తుంది,
అంచున రబ్బరు పెదవి మూసుకుంటుంది,
నూనె వెయ్యని పెనానికి అట్టులా
రికార్డు పళ్ళేన్ని కరుచుకుంటుంది.
పంపు రొద ఉంటుందా అనడిగాను.
"నాకు వినబడదయ్యా, అందుకేగా అమ్ముతున్నాను" అన్నాడు.
ధర చెప్పాడు. నా గ్రాట్యుటీలో సగం.

నా దగ్గర వంకర రికార్డొకటుంది. క్లారినెట్.
రైల్వే వాళ్ళ పాత సామాను వేలంలో కొని
మే నెల మధ్యాహ్నం ఆటో వెనక సీట్లో పెట్టి
కంచరపాలెంలో దిగి చెరుకురసం తాగాను.
ఒక్క గ్లాసు.
తిరిగొచ్చేసరికి అంచు అప్పడంలా లేచింది.
పద్దెనిమిదేళ్ళుగా నా పాత మెషీన్ మీద
ముల్లు దాన్ని ఎక్కుతుంది, దిగుతుంది,
రేవు బయట అల మీద తెప్పలా.
ఎక్కినప్పుడు స్వరం సన్నగా వణుకుతుంది,
దిగినప్పుడు బరువుగా ఊగుతుంది.
నూకరత్నం వంటింట్లో కూనిరాగం తీస్తే
ఆ వణుకుతో సహా తీస్తుంది.
అది పాటలోదే అనుకుంటుంది.
నేనూ చెప్పలేదు.

ధర విని అంది:
"ఏటీ, రికార్డుని నొక్కి పట్టుకోడానికి అంత డబ్బా?
అదేదో నాకిచ్చీ. నానే పట్టుకుంటాను."

రాత్రి లెక్కలు వేశాను.
చిన్న నలుసున్నా సరే, గాడిలోకి నొక్కేస్తుంది.
కిటికీ ఊచల్నే తినేసే ఈ ఉప్పుగాలికి
రబ్బరు పెదవి ఎన్నాళ్ళు?
పంపు వరండాలో పెడితే గోడకి కన్నం కొట్టాలి,
గోడ నాది కాదు.
తెల్లారేసరికి వద్దనే తేలింది.

అయినా ఆదివారం
రికార్డు చంకన పెట్టుకుని, ఈసారి బస్సులో,
నీడవైపు సీటు చూసుకుని వెళ్ళాను.

మీట నొక్కాడు.
అంచు ఒకసారి నిక్కి, పడుకుంది.
క్లారినెట్ నిటారుగా నిలబడింది.
మొదటి స్వరానికి ముందు
ఒక మనిషి గాలి పీల్చుకోవడం వినబడింది.
పద్దెనిమిదేళ్ళుగా వింటున్నాను,
ఆయనకి ఊపిరుందని తెలీదు నాకు.

అందరూ పీల్చి పట్టుకుంటుందంటారు. తప్పు.
శూన్యం దేన్నీ లాగదు. దానికి చేతుల్లేవు.
కింద గాలి తీసేస్తే పైనున్న గాలి నొక్కుతుంది, అంతే.
అంటే ఆ పూట నా రికార్డు మీద కూచున్నది
వైజాగు ఆకాశమంతా,
రేవు బొగ్గుదుమ్ముతో సహా,
ఎండుచేపల వాసనతో సహా,
డాల్ఫిన్ నోస్ మీద తిరిగే గద్దల బరువుతో సహా.

పక్క అయిపోయింది. మీట వదిలాడు.
ఫిస్సుమంది.
అంచు మెల్లగా లేచి
తన వంపులో తను సర్దుకుంది,
చుట్టాలు వెళ్ళాక కాళ్ళు బారజాపుకున్నట్టు.

ఇంటికొచ్చి పాత మెషీన్ మీద పెట్టాను.
వంటింట్లో నూకరత్నం
వణుకు దగ్గర సరిగ్గా వణికింది.
నేను ఊపిరి కోసం వెతికాను.
ముల్లు చప్పుడు కింద ఎక్కడో ఉండే ఉంటుంది.

బెర్నార్డ్ గారు ఫోన్ చేశారు, నెలాఖరుదాకా ఆగుతానని.
ఒక్కటే అడిగాను:
ఆ రబ్బరు పెదవి పాడైతే మళ్ళీ దొరుకుతుందా?
"ఏదీ?" అన్నాడు. గట్టిగా అరిచాను.
"కంపెనీయే లేదు" అన్నాడు.

ఇంకా ఏమీ అనుకోలేదు.
పూర్ణా మార్కెట్ వెనక గ్యాస్కెట్ల షాపులో
రెండు మిల్లీమీటర్ల నల్ల షీటుని
వేళ్ళ మధ్య వంచి చూస్తున్నాను.
ఎంత కావాలని కుర్రాడు రెండుసార్లు అడిగాడు.